బెల్టు కింద మనుషులు

మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘానికి అప్పుడప్పుడు కుర్రాళ్ళు వస్తుంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరి యూనియన్‌లో తిరిగేవాళ్ళు. కుర్చీలు లాక్కుని కూర్చుని, "మీ రోజుల్లో యూనియన్ పేరు చెబితే మేనేజ్‌మెంటు గడగడలాడేదట కదండీ, ఆ సమ్మె సంగతి చెప్పండి" అంటారు. మావాళ్ళలో ఒకరిద్దరు వెంటనే ఛాతీ విరుచుకుని మొదలుపెడతారు. నేను టీ చెప్పి వస్తానని లేచిపోతాను. నా మోకాళ్ళు చూసి నన్ను ఎవరూ టీకి పంపరు. అయినా లేస్తాను.

ఓడిపోయిన సమ్మెల గురించి అడగండి, ఎంతసేపైనా కూర్చుని చెబుతాను. దెబ్బలు తిన్నాం, జీతాలు పోగొట్టుకున్నాం, ఇంట్లో వాళ్ళ చేత చీవాట్లు తిన్నాం. అందులో తల దించుకోవలసింది ఏమీ లేదు. నా నోరు పడిపోయేది ఆ గెలిచిన సమ్మె దగ్గరే. ఈసారి లేచిపోకుండా చెబుదామని కూర్చున్నాను.

మాది విశాఖలో ప్రభుత్వ రంగ సంస్థ. పేరు చెప్పను. ముడిఖనిజం వ్యాగన్లలో వస్తుంది, దాన్ని బెల్టుల మీద పోసి ఓడకెక్కిస్తాం, అంతే మా పని. నేను బెల్టు ఆపరేటర్ని. మైళ్ళ పొడవున పరిగెత్తే ఆ రబ్బరు బెల్టు నడవాలంటే మీట నొక్కితే చాలనుకుంటారు చూసేవాళ్ళు. కానీ బెల్టన్నాక ఖనిజం ఒలుకుతుంది. పక్కలకి జారుతుంది, కిందపడి గుట్ట కడుతుంది. ఆ గుట్ట పెరిగి బెల్టును తాకిందా, బెల్టు పక్కకు లాగేసి చిరుగుతుంది. అందుకని బెల్టు పరిగెడుతున్నంతసేపూ దాని కింద వంగి, పారలతో ఎత్తి, తట్టలతో మోసి మళ్ళీ పైన పోసే మనుషులు ఉండాలి.

ఆ మనుషులు మా వాళ్ళు కారు. కంట్రాక్టరు మనుషులు. విజయనగరం, శృంగవరపుకోట వైపు పల్లెల నుంచి వచ్చి కంచరపాలెం వెనక గుడిసెల్లో ఉండేవాళ్ళు. ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళ ముఠాను నడిపే ఆవిణ్ణి అందరం అప్ప అనేవాళ్ళం. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. నాకంటే ఆరేడేళ్ళు పెద్దదై ఉంటుంది. మా ఊరికి పక్క ఊరే. ఆ చనువుతో నేను ఆవిడ తెచ్చిన చింతకాయ పచ్చడి తినేవాణ్ణి, ఆవిడ నా క్యాంటీన్ టీ తాగేది. వాళ్ళని క్యాంటీన్‌లోకి రానిచ్చేవారు కాదు.

అప్ప జుట్టు గురించి చెప్పాలి. పెద్ద జుట్టు. ముడి వేస్తే మెడ కనిపించేది కాదు. ఎంత గుడ్డ కట్టుకున్నా ఖనిజం దుమ్ము పట్టి అది ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. "కుంకుడుకాయల కర్సుకే నా కూలి సరిపోతన్నాది తమ్ముడూ, తల రుద్దితే ఎర్ర నీళ్ళే, తెల్ల నీళ్ళు నాను సూసి ఎన్నేళ్ళైందో" అని నవ్వేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి రోజులవి. అంతకాలం నోరు మూసుకున్న యూనియన్లన్నీ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టాయి. మా దగ్గర రెండు ఉండేవి. మాది పెద్దది. రెండోది ఊళ్ళో ఒక రాజకీయ నాయకుడు తన అనుచరులతో పెట్టించింది. మా కార్మికుల్లో పదిమందిలో ఒకడు కూడా అందులో లేడు. అయినా మేనేజ్‌మెంటు ఆ చిన్న యూనియన్‌నే పిలిచి, బిస్కెట్లు పెట్టి, జీతాల ఒప్పందం దాంతోనే చేసుకోబోయింది. మమ్మల్ని పిలవనే లేదు. పైనుంచి, అంటే ఢిల్లీ నుంచి, అలాగే కానిమ్మని చెప్పారని వినికిడి.

మా కడుపు మండింది. రూపాయి తక్కువిచ్చినా పడి ఉండేవాళ్ళమేమో గానీ, మా జీతం గురించి మాకు సంబంధం లేనివాడు కూర్చుని మాట్లాడడం తట్టుకోలేకపోయాం. మా యూనియన్ కార్యదర్శి వృత్తికి ప్లీడరు. మనిషి సన్నం, గొంతు పెద్దది. గేటు మీటింగులో ఆయనన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఆ బల్ల దగ్గర కూర్చునే హక్కు పని చేసేవాడిది. చెమటోడ్చే ప్రతివాడి తరఫునా మనం అక్కడ కూర్చోవాలి." మేం చప్పట్లు కొట్టిన చప్పుడుకి గేటు మీద కాకులు లేచిపోయాయి.

సమ్మె నోటీసు ఇచ్చాం. అది చట్టవిరుద్ధమని వాళ్ళన్నారు. పైగా మేం రాకపోయినా ఆఫీసర్ల చేత బెల్టు నడిపించుకుంటామన్నారు. అది ఉత్త బెదిరింపు కాదు. ఇంజనీర్లకు మీట నొక్కడం వచ్చు. మా కార్యదర్శి ముఖంలో రంగు తగ్గింది. అప్పుడు భాయ్ ఒక మాటన్నాడు. భాయ్ మా బెల్టు ఫిట్టరు, పాతపట్నం మనిషి, నా జతగాడు.

"మీట నొక్కుతారు బావా. కిందకి దిగి పార ఎవులు పడతారు?"

ఆ ఒక్క మాటతో కార్యదర్శికి ప్రాణం లేచొచ్చింది. అప్పతో మాట్లాడి రమ్మని నన్నూ భాయ్‌నీ పంపాడు. "వాళ్ళ డిమాండ్ కూడా పెడుతున్నామని చెప్పండి. వాళ్ళందరినీ సంస్థ మస్టర్లోకి తీసుకోవాలని అడుగుతాం" అన్నాడు. మస్టర్లోకి తీసుకోవడమంటే కంట్రాక్టరు చేతిలోంచి తప్పించి, మాలాగే ఉద్యోగులుగా పేరెక్కించడం.

మధ్యాహ్నం బెల్టు ఆగినప్పుడు వెళ్ళాం. కింద నీడలో వరసగా కూర్చుని అన్నాలు తింటున్నారు. నేను చెప్పిందంతా విని అప్ప చెయ్యి కడుక్కుంది.

"మీ యూనియన్ గొడవ మాకేటికి తమ్ముడూ? మీరు పర్మినెంటోళ్ళు. మిమ్మల్ని తియ్యాలంటే సానా తతంగం ఉన్నాది. మమ్మల్నైతే ఏలు సూపించి పొమ్మంటే సాలు. మరి రేపు గేటు కాడికి రానిత్తాడేటి కంట్రాక్టరు?"

"అప్పా, మీరు మాతో వత్తే మీ మాటా మా మాటా ఒకటే. మస్టర్ల మీ పేర్లు ఎక్కిత్తాం" అన్నాను.

"నువ్వు ఎక్కిత్తావేటి?"

"మా యూనియన్ ఎక్కిత్తాది. నాను సెప్తన్నాను కదా."

ఆవిడ అటు తిరిగి మిగతా వాళ్ళతో గుసగుసగా మాట్లాడింది. ఎవరో ఒక ముసలాయన, సింహాచలం అప్పన్న మీద ఒట్టెయ్యమను అన్నాడు. అప్ప ఒద్దంది.

"ఒట్టొద్దు. ఒట్టేత్తే భయానికి నిలబడతారు. మొక్కుకుందాం. గెలిత్తే అందరం సింహాచలం ఎక్కి తలనీలాలిచ్చీద్దాం. మీరూ మేమూ కలిసే."

ఒక పిల్ల సణిగింది. "ఆడోళ్ళం మూడు కత్తెర్లిత్తే సాలు కదప్పా?"

"మూడు కత్తెర్లిత్తే సామి మూడు మాటలే ఇంటాడు. నానైతే మొత్తం ఇచ్చీత్తాను. ఈ ఎర్ర మట్టి పీడ కూడా ఇరగడైపోద్ది" అంది అప్ప. అందరూ నవ్వారు.

"మరి నాకేటప్పా? నాను గుండు గీయించుకుంటే మా ఇంట్ల తలుపు తియ్యరు" అన్నాడు భాయ్. "కొండ మీద దర్గాకి చాదర్ కప్పుతాను."

"ఏ కొండైతేనేటి, ఎక్కీద్దాం" అందావిడ.

నేనూ చెయ్యెత్తి నెత్తిన పెట్టుకుని మొక్కాను. అప్పట్లో నాకు దట్టమైన క్రాపు. రోజూ కొబ్బరినూనె రాసి, అద్దం ముందు నిలబడి పాపిడి తీసేవాణ్ణి.

సమ్మె మొదలైంది. వాళ్ళన్నట్టే ఆఫీసర్లు బెల్టు నడిపారు. మేం రోడ్డు మీద టీ బడ్డీ దగ్గర నిలబడి చూస్తున్నాం. బెల్టు కదులుతుంటే మా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఒక పూట నడిచింది. రెండో పూట కూడా నడిచింది. మా వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కింద ఒలికిన గుట్ట మాత్రం పెరుగుతోంది. మర్నాటికి బెల్టు గుట్టను రాసుకుంటూ మూలిగింది. అప్పుడు చూడాలి. ఒక పెద్ద ఇంజనీరు మెరిసే బూట్లతో కిందకి దిగాడు, పార పట్టుకున్నాడు. నాలుగు పారలు ఎత్తాడు. నడుం పట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ రెండెత్తాడు. పార అక్కడే పారేసి పైకి వెళ్ళిపోయాడు. అప్ప నా పక్కన నిలబడి, "పాపం, పార తిరగేసి పట్టుకున్నాడు తమ్ముడూ" అని నిజంగానే జాలిపడింది. సాయంత్రానికి బెల్టు అంచు చీరుకుపోయి ఆగిపోయింది. ఓడ ఖాళీ కడుపుతో నిలబడి ఉంది.

కంట్రాక్టరు వీళ్ళ గుడిసెలకు వెళ్ళి అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. ఒక్కరూ కదల్లేదు. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌లో ఉన్న మా వాళ్ళ చుట్టాలు సమ్మెకి సాయంగా చేపలు పంపేవారు. గేటు ఎదురుగా పెద్ద డేగిసాలు పెట్టి పులుసు కాచేవాళ్ళం. మేం, వాళ్ళు, ఒకే బంతిలో కూర్చుని తిన్నాం. ఇన్నేళ్ళ సర్వీసులో అప్పతో ఒక పంక్తిలో కూర్చున్నది అప్పుడే. తర్వాత మళ్ళీ కూర్చోలేదు.

మేనేజ్‌మెంటు దిగొచ్చింది. కార్యదర్శినీ కమిటీనీ లోపలికి పిలిచారు. మేమంతా ఆఫీసు ఎదుట ఎండలో కూర్చున్నాం. ముందు మేం, వెనక వాళ్ళు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం తిరిగాక తలుపు తెరుచుకుంది. కార్యదర్శి మెట్ల మీద నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. ఇక మాట్లాడే హక్కు మా యూనియన్ ఒక్కదానిదే. చిన్న యూనియన్ ఒప్పందం చెల్లదు. జీతాలు పెరుగుతాయి. సమ్మె చేసినందుకు ఏ ఉద్యోగి మీదా చర్య ఉండదు. జిందాబాద్‌లతో చెవులు చిల్లులు పడ్డాయి. వెనక నుంచి వాళ్ళు కూడా కేకలు వేశారు. అప్ప పిడికిలి ఎత్తడం నేను వెనక్కి తిరిగి చూశాను.

సందడి తగ్గాక కార్యదర్శిని అడిగాను. "సార్, బెల్టు కింద వాళ్ళ సంగతి?"

"అది తర్వాత చూద్దామయ్యా. వాళ్ళు కంట్రాక్టరు మనుషులు, వాళ్ళ గురించి మాట్లాడే హక్కు మీకు లేదని అన్నారు. దాని దగ్గర పట్టుబడితే మొత్తం పోయేది. ముందు మనం కుర్చీలో కూర్చున్నాం కదా, ఇక అన్నీ ఒక్కొక్కటిగా మాట్లాడుకోవచ్చు."

ఆయన మాట అబద్ధం కాదు. ఆయన దుర్మార్గుడూ కాదు. ఇంకొక మాట కూడా అన్నాడు, గొంతు తగ్గించి. "యూనియన్లకు సభ్యుల లెక్క తీస్తే వాళ్ళు లెక్కలోకి రారు కదయ్యా." ఆ మాటకి నేను తలూపాను. ఎందుకు ఊపానో నాకు ఈనాటికీ తెలియదు. తెలియదనడం కూడా అబద్ధమే. నా జీతం పెరిగిందన్న సంతోషం అప్పటికే నా ఒళ్ళంతా పాకింది.

అప్ప దగ్గరికి వెళ్ళాం. భాయ్ చెప్పాడు. "అప్పా, మా పని అయింది. మీది అవలేదు. ఆళ్ళు ఒప్పుకోలేదు, మేం ఒగ్గీసినాం."

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి మీకు బాగానే ఇచ్చినారా?"

"బాగానే" అన్నాను.

"పోన్లే, ఆకలేత్తన్నాది, పదండి" అని తన వాళ్ళని లేపి తీసుకెళ్ళిపోయింది. నా ముఖాన ఉమ్మేసినా బాగుండేది.

రెండు రోజుల తర్వాత ఉదయం పనిలో చేరాలి. యూనియన్ పెద్ద ఊరేగింపు పెట్టింది. డప్పులు, దండలు, రంగులు. నేను పాపిడి తీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో బంతిపూల దండతో ముందు వరసలో ఉన్నాను. గేటు దగ్గరికొచ్చేసరికి పక్కగా గోడవార వాళ్ళు నిలబడి ఉన్నారు. మొదట గుర్తుపట్టలేదు.

అందరికీ గుండ్లే. ఆడవాళ్ళకీ, మగవాళ్ళకీ. గంధం పూసుకున్న గుండ్లు ఎండకి మెరుస్తున్నాయి. ఎన్నేళ్ళుగానో ఎర్ర మట్టి పట్టిన ఆ తలల కింద చర్మం అంత తెల్లగా ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. అప్ప అందరికంటే ముందు నిలబడి ఉంది. జుట్టు లేకపోతే మనిషి చిన్నదైపోయింది. చేతిలో ఆకుబుట్ట, అందులో కొండ మీది పులిహోర.

డప్పులు వాటంతటవే ఆగిపోయాయి.

"మొక్కు తీర్చీసినాం తమ్ముడూ" అంది అప్ప, ఆకు ముక్కలో ప్రసాదం పెట్టి నా చేతిలో పెడుతూ. "మీకు ఊరేగింపు పనులున్నాయి కదా, తీరదని మీ పేరున కూడా మేమే ఇచ్చీసినాం."

"అప్పా, మీకేటీ రాలేదు కదా. మీరెందుకు..." అన్నాను.

"గెలిత్తే అని కదా మొక్కినాం. మాకిత్తే అని మొక్కలేదు కదా. గెలిచినారు. సామితో లెక్కలాడతామేటి?"

అందులో వెటకారం లేదు. వెతికాను, లేదు. ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేది.

మా కార్యదర్శి ప్రసాదం కళ్ళకద్దుకుని తిన్నాడు. ఊరేగింపులో ఉన్నవాళ్ళంతా వరసగా చెయ్యి చాపి తీసుకున్నారు. గేటు తెరుచుకుంది. మాతో పాటే వాళ్ళూ పారలు ఎత్తుకుని కదిలారు. కంట్రాక్టరు మనిషి అడ్డం నిలబడ్డాడు. అతని వెనక లోపల అప్పటికే కొత్త ముఠా ఉంది. ఎక్కడో దూరం నుంచి లారీలో తెచ్చిన మనుషులు, తలగుడ్డలు కట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు. "మీ పని అయిపోయింది, పొండి" అన్నాడు, వేలు చూపించి. అప్ప ముందే చెప్పినట్టు, వేలే సరిపోయింది.

భాయ్ గేటు మధ్యలో ఆగిపోయాడు. "బావా, ఆగండి. ఇక్కడే కూకుందాం. ఒక్క పూట. ఈళ్ళని లోపలికి ఒగ్గితే గాని ఎల్లొద్దు."

నేను కార్యదర్శి వైపు చూశాను. ఆయన చెమట తుడుచుకున్నాడు. "మొన్ననే సంతకాలయ్యాయి. మొదటి రోజే ఆగితే మన గుర్తింపు లాగేసుకుంటారు. ఆ చిన్న యూనియన్‌కి కావలసింది అదే. ఆవేశపడకండి, లోపలికి నడవండి." ఆ మాటలోనూ అబద్ధం లేదు. ఆ రోజుల్లో నన్ను లొంగదీసినవన్నీ నిజాలే.

మేం లోపలికి నడిచాం. నోట్లో పులిహోర నములుతూనే నడిచాను. అందులో ఆవాల పిండి ఘాటు ఇప్పటికీ గుర్తుంది. అందరికన్నా చివర భాయ్ వచ్చాడు. కానీ వచ్చాడు. ఇంట్లో ఆరుగురు తినేవాళ్ళున్నారు అతనికి. డప్పు మళ్ళీ మొదలుపెట్టమని ఎవరూ అనలేదు. నేను బెల్టు మీట నొక్కాను, కింద కొత్తవాళ్ళు పార పట్టారు, ఓడ నిండింది.

భాయ్ దర్గాకి వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, "గెలిచినామంటావేటి బావా?" అన్నాడు. రిటైరయ్యేదాకా వెళ్ళలేదు. కొన్నాళ్ళు నాతో మాట్లాడడం కూడా తగ్గించాడు. నన్ను చూస్తే అతనికి తనే గుర్తొస్తాడు కాబోలు, నాకూ అంతే.

"తర్వాత చూద్దాం" అన్న ఆ సంగతి యూనియన్ అడగకపోలేదు. ఏటా అడిగేది. జీతం, బోనసు, ఇళ్ళు, సెలవులు అన్నీ అయ్యాక, టీ కప్పులు తీసేసేటప్పుడు అడిగేది. నేనూ తర్వాత కమిటీలోకి వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. మెత్తటి కుర్చీలు. అందరూ అలిసిపోయి ఉంటారు. ఆ విషయం రాగానే మేనేజ్‌మెంటు వాళ్ళు, "అది మీ పరిధిలోది కాదు కదా" అనేవారు. మేం లేచేవాళ్ళం.

అప్ప ముఠా చెల్లాచెదురైంది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి మొదలయ్యాక కొందరు అక్కడ కంకర మోశారు. అప్పని చాలా ఏళ్ళ తర్వాత ఫిషింగ్ హార్బర్‌లో చూశాను. తెల్లారగట్ట చేపల వేలం దగ్గర ఐసు బుట్ట మోస్తోంది. జుట్టు మళ్ళీ పెరిగింది గానీ మునుపటిలా లేదు, సగం నెరిసింది. తప్పించుకుందామనుకున్నాను, ఆవిడే చూసింది.

"ఓలమ్మ, తమ్ముడు! ఏటిలా సిక్కిపోనావు? పిల్లలు సదువుకుంటన్నారా? మీ యూనియన్ బాగున్నాదా?"

బాగుందన్నాను. వేలంపాట పాడేవాణ్ణి కేకేసి, మంచి వంజరం ముక్క తక్కువకి ఇప్పించింది. మా ఇంట్లో ఆ రోజు పులుసు బాగా కుదిరిందని అందరూ తిన్నారు. నాకు జ్వరంగా ఉందని చెప్పి పడుకున్నాను.

కుర్రాళ్ళూ, మీకు ఇప్పుడు మాట్లాడే హక్కే లేకుండా చేస్తున్నారని పేపర్లలో చదువుతున్నాను. దాని కోసం పోట్లాడండి. ఆ బల్ల దగ్గర కుర్చీ చాలా అవసరం, దాన్ని వదులుకోమని నేను అనను. మేం పోట్లాడింది తప్పని కూడా అనను. ఆ కుర్చీలో కూర్చున్నాక నాకు గేటు బయట ఎవరున్నారో కనిపించలేదు, అంతే నేను చెప్పగలిగింది. కిటికీ నా వెనక ఉండేది.

ఈ మధ్య మోకాళ్ళు ఇంకా లేవగలిగే స్థితిలో ఉండగానే సింహాచలం వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. కొండ మీద తలనీలాలు ఇచ్చే చోట వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే పీట మీద కూర్చుని, తలకి చుట్టుకున్న తువ్వాలు తీశాను. క్షురకుడు కుర్రాడు. నా నెత్తి మీద నీళ్ళు చల్లబోయి ఆగాడు.

"మొక్కెవులిది బాబూ?"

"నాదే. పాతది."

అతను నా తల మీద చెయ్యి వేసి చూశాడు. నాకు జుట్టు ఊడిపోయి చాలా ఏళ్ళైంది. నవ్వు ఆపుకోబోయాడు, ఆగలేదు. "మరి ఇన్నాళ్ళూ ఏటి సేసినావు బాబూ? ఇక్కడ తియ్యడానికి ఇంకేటున్నాది?"

నా వెనక ఒకావిడ అప్పటికే జడ విప్పుకుని నిలబడి ఉంది. చేతులు చూస్తే కూలిపని చేసుకునే మనిషి. ఆవిణ్ణి ముందు కూర్చోమని చెప్పి, పీట మీంచి లేచాను.